సాయంత్రానికి మిగిలింది

"పాడటానికున్న ఓపిక నిలబడటానికి లేదా అమ్మా?" అన్నాడు సూపర్‌వైజరు. ఆమెతో అన్నట్టే ఉంది కానీ, ఇస్త్రీ రోలరు మోతని మించి హాలు చివరిదాకా వినపడేట్టు అన్నాడు. దుప్పట్లు మడతపెడుతున్న చేతులన్నీ ఒక్క క్షణం ఆగాయి. ఎవరో కిసుక్కున నవ్వాక మళ్ళీ కదిలాయి.

ఆమె అడిగింది పెద్ద వరమేమీ కాదు. మధ్యాహ్నం టీ తర్వాత దిండు గలీబుల బల్ల దగ్గర కూర్చుని పని చేస్తానంది. ఆ లాండ్రీ మొత్తానికి కూర్చుని చేసే పని అదొక్కటే. ఆ కుర్చీలో సూపర్‌వైజరు గారి పిన్ని కూర్చుంటుంది. ఆవిడకి ఏ జబ్బూ లేదు, బండరాయిలా ఉంటుంది. ఆ కుర్చీకి ఆవిడకున్న అర్హతల్లా ఆయనకి పిన్ని కావడమే. ఆయనకి పిన్ని కాబట్టి హాలందరికీ పిన్ని అయింది.

"నా కీళ్ళ సంగతి మీకు తెలుసు కదండీ. మధ్యాహ్నం దాటాక ఒళ్ళు నిలబడదు."

"పొద్దుట్నుంచీ పాడుతూనే ఉన్నావు, చెవులారా విన్నాను. నిజంగా రోగమున్న మనిషి మూలుగుతుంది గానీ పాడుతుందా?"

"ఈ వయసుకి కీళ్ళవాతమేమిటే తల్లీ, నాకే లేదు" అంది పిన్ని గలీబు దులుపుతూ. ప్రపంచంలో రోగాలన్నీ ముందు తనకొచ్చి, తర్వాతే మిగిలినవాళ్ళకి పంచాలన్నట్టు అంది.

 వాదించడానికీ ఓపిక కావాలి. ఆ పూటకి ఉన్నది ఆమె లెక్కపెట్టి తెచ్చుకుంది. పిన్ని మీద ఖర్చు పెట్టడానికి అందులో ఏమీ లేదు. వెనక్కి తిరిగి తన జత దగ్గరికి నడిచింది.

ఆమె జత మనిషిని అందరూ పొడుగక్క అంటారు. మనిషి ఎంత పొడుగో నాలుకా అంతే. "అయిందా దర్బారు? నువ్వక్కడ ముచ్చట్లాడేసరికి ఇక్కడ దుప్పట్లు కుప్ప పడ్డాయి. జతకి జత లెక్క అమ్మా మనకి, నువ్వు ఆగితే నేనూ ఆగినట్టే" అంది.

దుప్పటి రోలరులోంచి పొగలు కక్కుతూ జారుతుంది. ఇద్దరూ చెరోవైపు రెండేసి కొసలు పట్టుకోవాలి. ఒక్కసారి విదిలించి, సగానికి మడిచి, లాగి బిగించాలి. ఎదురెదురుగా నడిచి, ఆమె తన కొసలు పొడుగక్క చేతిలో పెట్టి, కింద వేలాడే మడత అందుకుని మళ్ళీ వెనక్కి నడవాలి. ఇందులో ప్రాణం తీసేది ఆ లాగడం. చేతుల బలంతో లాగితే ఆమె వేళ్ళు మొదటి బుట్ట అవకముందే వాచిపోతాయి. అలాకాక ఇద్దరూ ఒకే క్షణాన వెనక్కి వాలితే ఒంటి బరువే ఆ పని చేసిపెడుతుంది, వేళ్ళు ఊరికే పట్టుకుంటే చాలు. ఆ క్షణం ఎప్పుడో అవతలి మనిషికి తెలియాలి కదా. అందుకే పాట.

*రావే వదినా దగ్గరికీ, కొసలిచ్చి పోవే దూరానికీ...*

'దూరానికీ' అన్నచోట వాలాలి. అంతే పాట. మాటలు ఆమెవే, వరసా ఆమెదే. అందులో సంగీతమూ లేదు, సంతోషమూ లేదు. కుంటివాడికి కర్ర ఎంతో ఆమెకి ఆ పాట అంత. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే లాగడంలో కూడా దొంగాటేనా అంటారని భయం. దాంతో ఆ పాటే ఆమె ఖుషీకి రుజువైపోయింది. టీ దగ్గర కబుర్లు చెప్పదు, జోకేస్తే నవ్వదు, అన్నం కళ్ళు మూసుకుని తింటుంది. అదంతా పొగరు ఖాతాలో పడింది. పాట మాత్రం ఆరోగ్యం ఖాతాలో పడింది.

సాయంత్రం ఇంటి మెట్లెక్కుతూ మధ్యలో మలుపు దగ్గర కూర్చుంది. కింది వాటా ఆయన వస్తూ చూశాడు. ఆమె సంచీలో చెయ్యి పెట్టి తాళంచెవి వెతుకుతున్నట్టు నటించింది. తాళంచెవి మెడలోనే వేలాడుతోంది.

లోపల కూతురు కిటికీ దగ్గర బల్ల మీద లెక్కలు చేసుకుంటోంది. పొద్దుట్నుంచీ ఆమె మనసు ఆ బల్ల దగ్గరే ఉంది. ఈ ఒక్క పూటైనా దాని ఎదురుగా కూర్చుని, అది చెప్పింది వినాలి. ఏడో తరగతిలోకి వచ్చాక పిల్ల తనతో ముక్తసరిగా తప్ప మాట్లాడటం లేదు. మాట్లాడేదంతా రోజుకి నాలుగు మాటలు, అవీ విసుగ్గా. ఇంకొన్నాళ్ళిలాగే పోతే ఆ నాలుగు మాటలూ పోతాయని ఆమెకి తెలుసు. ఆ కుర్చీ అడిగిందీ అందుకే. మధ్యాహ్నం కూర్చుంటే సాయంత్రానికి కాస్త మిగులుతుంది.

"ఏం చేస్తున్నావురా?" అంది గోడ పట్టుకుని.

"కనపడట్లేదా?"

"కాసేపు నడుం వాల్చి వస్తా. వచ్చి చూస్తా నీ లెక్కలు."

"రోజూ అదే మాట." పిల్ల తలెత్తలేదు. "నువ్వక్కడ పాటలు పాడతావటగా. పొడుగాంటీ వాళ్ళ అమ్మాయి మా క్లాసే. 'మీ అమ్మ భలే పాడుతుందట, మా అమ్మ చెప్పింది' అంది, అందరి ముందూ. నాకేం తెలుసు? మా ఇంట్లో ఎప్పుడూ వినలేదన్నాను."

 అది పాట కాదమ్మా అని మొదలుపెడితే చాలా దూరం వెళ్ళాలి. అంత దూరం వెళ్ళే ఓపిక కాళ్ళలోనే కాదు, నోట్లోనూ లేదు.

"ఊఁ" అని మంచం మీదికి చేరింది.

వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్నారా?"

మర్నాడు ఆమె పాడలేదు.

పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో చేతులు ముంచి, బిగుసుకున్న వేళ్ళు ఒక్కొక్కటే తెరుచుకునేదాకా కూర్చున్నప్పుడే అనుకుంది. పాడటమే నేరమైతే పాడను. మూలిగితేనే రోగమని నమ్ముతారా, సరే, మూలుగు కూడా వినిపించను, చచ్చినట్టు పని చేస్తాను, అప్పుడైనా మొహం చూసి అర్థం చేసుకుంటారేమో చూద్దాం. కోపంలో ఉన్న మనిషి లెక్కలన్నీ ఇలాగే ఉంటాయి. ఎదుటివాడి మీద కోపంతో తన కంచం తనే తన్నేసుకోవడం.

మొదటి బుట్ట ఎలాగో నడిచింది. రెండో బుట్టలో పొడుగక్క ముందు లాగితే ఆమె వెనక లాగింది, ఆమె లాగేసరికి పొడుగక్క వదులు చేసింది. దుప్పటి మధ్యలో వంకరగా వేలాడింది. దాన్ని సరిచేయడానికి మళ్ళీ విదిలించాలి, మళ్ళీ లాగాలి. ఒక్కో లాగుడుకీ మణికట్టులో సూది దిగినట్టయింది.

"ఏమిటి నీ వాలకం? ఇవాళ నోరు పడిపోయిందా?" అంది పొడుగక్క.

"పాడితే ఒక మాట, పాడకపోతే ఒక మాట. మీకేది కావాలో మీరే తేల్చుకోండి."

"నాతో ఎందుకమ్మా ఆ మిడిసిపాటు? ఆయనమీద కోపం నా భుజాల మీద చూపిస్తావా?"

అటుపక్క జత కూడా వెనకబడింది. ఆ పక్క జతా అంతే. ఎందుకో ఎవరికీ తెలియలేదు, రోలరు వేడి ఎక్కువైందని ఒకరూ, దుప్పట్లు గంజి పట్టేశాయని ఒకరూ అనుకున్నారు. టీ అయ్యాక ఆమె చూపుడు వేలు మడత పడటం మానేసింది. పొడుగక్క బలంగా లాగింది. కొస ఆమె చేతిలోంచి జారి, దుప్పటి దుప్పటంతా తడినేల మీద పడింది. కొసలు జారడం ఎప్పుడైనా జరిగేదే. కానీ దాన్ని ఆపబోయి ఆమె కాలు దాని మీదే వేసింది. ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ అయిన తెల్లటి ఆసుపత్రి దుప్పటి మీద చెప్పు గుర్తు నల్లగా పడింది.

"అబ్బో!" అని గలీబుల బల్ల దగ్గర్నుంచి పిన్ని దీర్ఘం తీసింది.

సూపర్‌వైజరు వచ్చి దుప్పటి కొస కాలితో ఎత్తి చూశాడు. "నిన్న కుర్చీ ఇవ్వలేదని ఇవాళ ఇది. బెదిరింపా?"

"జారిందండీ."

"చేతకాదని చెప్పు, జత మారుస్తాను. జతకి ఎవరూ రాకపోతే ఇంటికెళ్ళు. హాయిగా పాడుకోవచ్చు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా మీద మాత్రం తోసెయ్యద్దు బాబూ" అంది పొడుగక్క, ఎవరూ తోయకముందే.

ఆమె ఆ దుప్పటి తీసి, ఉతికే గదికి తనే మోసుకెళ్ళింది. దారిలో ఏడుపొచ్చింది. ఏడవడం కూడా అలసటే అని తెలిసి దాన్ని అక్కడికక్కడే మింగేసింది.

ఆ సాయంత్రం మెట్ల మలుపు దగ్గర కూర్చుని లేవడానికి రెయిలింగుతో యుద్ధం చేసింది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంటే వెనకనుంచి ఇల్లంతా వినపడుతోంది.

"మా ఇంటికి ఇద్దరు కోడళ్ళు" అంటోంది అత్తగారు. "పొద్దున వెళ్ళేది ఒకతి, సాయంత్రం వచ్చేది ఇంకొకతి. ఆ మొదటిది ఎలా ఉంటుందో నాకు తెలియదు బాబూ, లాండ్రీ వాళ్ళకే తెలియాలి."

"మా ఆవిడకి ఉద్యోగం లాండ్రీలో, కాపురం మంచంతో" అన్నాడు భర్త. బస్సు డిపోలో మెకానిక్కు ఆయన. చెడ్డవాడు కాదు, చెయ్యి చేసుకునే మనిషీ కాదు. ఏ బాధనైనా జోకు చేసేస్తే తనకి దాంతో పని ఉండదని చిన్నప్పుడెప్పుడో కనిపెట్టాడు. తన జోకుకి తనే నవ్వి, చేతులకున్న గ్రీజు కడుక్కోవడానికి వెళ్ళాడు.

కూతురు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి తలాపున స్టూలు మీద ఠప్పున పెట్టింది. నీళ్ళు సగం చిందాయి.

"నానమ్మ ఇమ్మంది" అంది, తనకి ఇష్టమై ఇచ్చిందనుకుంటారేమోనని.

మూడో రోజు పొద్దున చేతులు కడుక్కునే కుళాయి దగ్గర పొడుగక్క దారికి అడ్డంగా నిలబడింది. కుడి భుజానికి ఏదో నొప్పి మందు పూసుకుంది, వాసన గుప్పుమంటోంది.

"రాత్రంతా ఈ భుజం నన్ను నిద్రపోనివ్వలేదు. నీతో ఇన్నాళ్ళు చేశాను, ఎప్పుడూ ఇలా లేదు. నిన్న ఏం చేశావు నువ్వు?"

"ఏమీ చెయ్యలేదు. పాడలేదు."

"పాటకీ భుజానికీ ఏమిటే సంబంధం?"

చెప్పకూడదనే అనుకుంది. కానీ జత మారుస్తానన్న మాట గుర్తొచ్చింది. దాచుకుని బావుకున్నదేమిటి కనక? కుళాయి గట్టుకి ఆనుకుని చెప్పింది. మర్యాదలేమీ లేకుండా, మొండిగా చెప్పింది. "నా వేళ్ళలో లాగే బలం లేదక్కా. ఎప్పట్నుంచో లేదు. 'దూరానికీ' అన్నప్పుడు నువ్వూ వాలతావు, నేనూ వాలతాను. బరువు లాగుతుంది, మనం లాగం. నీకు తెలియకుండానే వాలుతున్నావు. నిన్న చేతులతో లాగావు, అందుకే నొప్పి. తిట్టాలనుంటే తిట్టు."

పొడుగక్క తిట్టలేదు. హాల్లోకి నడిచి, బుట్టలోంచి ఒక దుప్పటి లాగి రెండు కొసలు ఆమె మీదికి విసిరింది. "పాడు."

ఆమె పాడింది. దుప్పటి మడిచారు. "ఇప్పుడు పాడకు." ఇంకోటి మడిచారు. మళ్ళీ "పాడు" అంది. నాలుగోది అయ్యాక పొడుగక్క దుప్పటి బల్ల మీద పడేసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఓసి దొంగా! ఇన్నాళ్ళూ నిన్ను నేనే మోస్తున్నాననుకుని ఊరంతా చెప్పుకున్నాను కదే. ఎంత పరువు తీశావు!" అంది. నిజంగానే కోపం వచ్చింది ఆవిడకి. దయ చూపించానన్న గర్వం పోగొట్టుకోవడం ఎవరికైనా కష్టమే. "సరే, పాడద్దు. నేను చెప్పేదాకా నోరెత్తద్దు."

ఆసుపత్రి లారీ టీ వేళకి వచ్చి నిలబడింది. దుప్పట్లు సగం కూడా కట్ట కాలేదు. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. సూపర్‌వైజరు ఆ జత దగ్గరా ఈ జత దగ్గరా కాలు కాలిన పిల్లిలా తిరిగాడు.

"చేతులకేమైంది అందరికీ? నిన్నట్నుంచీ చూస్తున్నా!"

"పాట లేదండీ" అంది పొడుగక్క తాపీగా.

"పాట లేకపోతే దుప్పటి మడత పడదా?"

"పడుతుంది, రేపటికల్లా. అందరం ఆవిడ పాటకే వాలుతున్నాం, మీరు చూళ్ళేదంతే. నాకూ పొద్దున్నే తెలిసింది. ఆవిడకి టీ తర్వాత కుర్చీ ఇవ్వండి, పాడుతుంది. ఆవిడమీద ప్రేమతో అడగట్లేదు, నా భుజం పోయింది."

"మరి నీకు జత?"

"పిన్ని ఉందిగా. రాయిలాంటి మనిషి."

పిన్ని చేతిలో గలీబు జారిపోయింది. "నాకు మోకాళ్ళు... నడుము..." అని రోగాలు వరసపెట్టి చెప్పింది. మొన్నటిదాకా ఆవిడకి లేని రోగాలన్నీ ఒక్క క్షణంలో వచ్చేశాయి. హాలంతా గొల్లుమంది. బయట హారన్ ఇంకోసారి మోగింది.

"సరేనమ్మా, కూర్చో. కూర్చునే పాడు మరి" అన్నాడు సూపర్‌వైజరు, ముష్టి వేస్తున్నట్టు మొహం పెట్టి.

"కుదరదండీ" అంది ఆమె.

 పొడుగక్క కూడా తిరిగి చూసింది.

"నిలబడే ఓపికా, పాడే ఓపికా ఒక్క సంచీలోవే. ఏది తీసినా అదే సంచీ తరుగుతుంది. పొద్దుట్నుంచి టీ దాకా నిలబడి పాడతాను. ఇవాళ లారీ ఉంది కాబట్టి ఈ ఒక్క బుట్టా పాడతాను. ఆ తర్వాత కూర్చుంటాను. కూర్చున్నప్పుడు పాడను, నవ్వను, పలకరిస్తే పలకను. దాన్ని పొగరనుకున్నా సరే."

"మధ్యాహ్నం నేను పాడతాలెండి. నా గొంతు వింటే లారీ కూడా కదులుతుంది" అంది పొడుగక్క.

ఆ బుట్ట అయ్యాక పిన్ని లేచింది, ఆమె కూర్చుంది. పిన్ని కళ్ళతోనే ఆమెని నమిలేసింది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. ఆమె గలీబులు మడుస్తూ, ఎవరి వంకా చూడకుండా, ఎవరికీ కృతజ్ఞతలు చెప్పకుండా కూర్చుంది. వెనకనుంచి పొడుగక్క గొంతు రేకుల కప్పు మీద రాళ్ళు దొర్లించినట్టు మొదలైంది.

సాయంత్రం మెట్ల మలుపులో అలవాటు కొద్దీ ఆగింది. కూర్చోలేదు. నిలబడే ఊపిరి తీసుకుని మిగిలిన మెట్లు ఎక్కింది. ఇంట్లోకి వచ్చి సంచీ తగిలించి, మంచం దాటి వెళ్ళి, కూతురి ఎదురుగా కుర్చీ లాక్కుంది.

పిల్ల అనుమానంగా చూసింది. "ఏంటి?"

"ఏం లేదు. కూర్చున్నా."

"పడుకోవా?"

"కాసేపాగి."

"ఎందుకు?"

"నీతో మాట్లాడదామని."

పిల్ల పెన్సిలు కింద పెట్టింది.  కాసేపు బల్ల అంచు గోకింది. తర్వాత ఎక్కడ తెగిందో గానీ తెగింది.

"ఇప్పుడు గుర్తొచ్చానా? నేనేం చెప్పినా ఊఁ అంటావు. స్కూల్లో నన్ను వెనక బెంచీకి మార్చారని చెప్పాను, ఊఁ అన్నావు. మార్కులు తగ్గాయని చెప్పాను, ఊఁ. ఇల్లు కాలిపోతోందన్నా ఊఁ అంటావు! నా జడ నానమ్మ వేస్తుంది, కళ్ళు పైకి పోయేలా లాగుతుంది. నువ్వు వేసి ఎన్నాళ్ళయింది?"

"చేతులు పైకి లేవటం లేదే నాకు!"

"ఆ మాట ఎప్పుడైనా చెప్పావా? చెప్పవు! గోడవైపు తిరుగుతావు!"

"చెబితే వింటావా నువ్వు? మంచినీళ్ళు మొహాన కొట్టినట్టు పెట్టిపోతావు. అడిగినదానికి ఒక్కదానికైనా తిన్నగా జవాబిచ్చావా ఈ మధ్య? కనపడట్లేదా అంటావు! అమ్మతో మాట్లాడే తీరేనా అది?"

"నువ్వు అమ్మలా ఉంటే కదా!"

"ఎలా ఉండాలో చెప్పు మరి! పొద్దున ఇంత ఓపికుంటుంది నాకు, ఇంత!" ఆమె అరచెయ్యి చూపించింది, గొంతు పెద్దదైంది. "అది అక్కడ పెట్టకపోతే ఉద్యోగం లేదు, నాకు మందులు లేవు, నీకు బళ్ళేదు. నేనేమైనా సరదాకి పాడుతున్నానా అక్కడ?"

"మరెందుకు పాడతావు?"

చెప్పింది. అరుస్తూనే చెప్పింది. పిల్ల కూడా అరుస్తూనే విన్నది, మధ్యమధ్య అడ్డం పడుతూ, నాకు చెప్పచ్చుగా అని బల్ల చరుస్తూ. వంటింట్లోంచి అత్తగారు గరిటెతో పరిగెత్తుకొచ్చింది. "ఏమిటే ఈ రచ్చ? అలిసిపోయి వచ్చింది, వదిలెయ్యవే దాన్ని" అంది, జీవితంలో మొదటిసారి.

"మీరాగండి అత్తయ్యా."

"నువ్వుండు నానమ్మా!"

ఇద్దరూ ఒక్కసారే అన్నారు. అప్పుడే వచ్చిన భర్త గుమ్మంలో చెప్పు ఒకటి విప్పి, రెండోది విప్పకుండా నిలబడ్డాడు. ఏదో జోకు వేయబోయి, భార్య మొహం చూసి మానుకున్నాడు. ఆ మొహం ఎర్రబడి ఉంది, కళ్ళు మెరుస్తున్నాయి. ఆమె ఇలా పోట్లాడి చాలా కాలమైంది. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో అందరూ ఆమె వీపుతోనే పోట్లాడారు.

"ఇంకోటి విను" అంది ఆమె కూతురితో, వేలు చూపించి. "నా నీలం శాలువా అడక్కుండా తీసి..."

అక్కడే ఆగిపోయింది. మాట మర్చిపోయి కాదు. మొహంలో రంగు దిగిపోయింది, చూపిన వేలు దానంతటదే వాలింది, భుజాలు కిందికి జారాయి. నీళ్ళట్యాంకు ఖాళీ అయ్యాక కుళాయి ఆగినట్టు, చూస్తుండగానే ఆగింది.

పిల్ల ఆ మొహం రోజూ చూస్తూనే ఉంది. అది అలా అవుతుండగా ఎప్పుడూ చూళ్ళేదు. రోజూ అమ్మ అయిపోయాకే ఇంటికొచ్చేది. 

పిల్ల లేచి, కుర్చీ జరిపి, తల్లి చంక కింద చెయ్యి పెట్టింది. విసురుగానే పెట్టింది. మంచం దాకా నడిపించి, దిండు సరిచేసి, లైటు ఆపింది. ఆమె గోడవైపు తిరగలేదు. తిరిగే ఓపిక కూడా లేక, ఇటువైపే మొహం పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

పిల్ల గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. దాని గొంతులో కోపం ఇంకా తగ్గలేదు.

"రేపు ఇంకాస్త ఎక్కువ మిగుల్చుకుని రా" అంది. "నేను చెప్పాల్సింది సగం కూడా అవలేదు."